ముగ్గుపిండి మీద గీత

పోర్ట్ క్లాంగ్
మే 12

చెల్లెలు వెంకమ్మకు,

నీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని దర్షిణి మెసేజ్ పెట్టింది. కట్టు విప్పేదాకా ఈ ఉత్తరం దానిచేతే చదివించుకో. ఆదివారం తెలుగు క్లాసుకు పోతోంది కదా, నీ మనవరాలికి కూడా కొంచెం పని దొరుకుతుంది.

ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషాలు లేవు. రోజూ సాయంత్రం వాన. రెండు లిఫ్టుల్లో ఒకటే పని చేస్తోంది. చేపల ధర పెరిగింది కాబట్టి ఈ వారం గుడ్లతో సరిపెట్టాను.

మొన్న గురువారం నాకు భూకంపం వచ్చింది.

మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో కూర్చున్నాను. మొదట కర్టెన్ రింగులు గలగలమన్నాయి. గాలి అనుకున్నాను. కిటికీలు మూసే ఉన్నాయి. తరువాత సీసాలో నీళ్ళు ఒక పక్కకు వాలి, కాసేపు ఆగి, రెండో పక్కకు వాలాయి. ఇల్లంతా కట్టేసిన పడవలా నెమ్మదిగా ఊగింది. లిఫ్టు ఎక్కకూడదు కాబట్టి పదహారో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దిగాను. కింద ఎవరూ లేరు. గార్డు టీ తాగుతున్నాడు.

"బిల్డింగు కదిలింది, నీకు తెలిసిందా?" అని మలాయ్‌లో అడిగాను.

"ఎండలో ఎక్కువసేపు నడిచారా పాక్‌చిక్?" అని నవ్వాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే సుమత్రా అవతల సముద్రంలో వచ్చిందని ఉంది. సమయం కూడా సరిపోయింది. ఆ సంగతి మా పిల్లాడు రవికి ఫోన్‌లో చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది. వాడు డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్దామని అడిగాడు.

ఇంకెవరితోనైనా చెప్పాలనిపించింది, అందుకే రాశాను.

మీ అన్న
అప్పయ్య


సెగామట్
మే 30

అన్నియ్యకు,

కట్టు విప్పారు. ఇప్పుడు నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కంటిని తిట్టు, నన్ను కాదు.

ముందు నీ మనవరాలి ఘనత విను. నీ ఉత్తరం దర్షిణి చదివింది. "భూ... కంపం వచ్చింది" అని ఆగి, "అమ్మమ్మా, క్లాంగ్ తాతకి కంపుంగ్‌లో భూమి వచ్చినాదంట!" అన్నది.

"ఏటే, మళ్ళీ సదువు" అన్నాను.

"భూ అంటే భూమి. కంపం అంటే కంపుంగే లా, పల్లెటూరు, అమ్మమ్మా! టీచర్ కంపుంగ్ అని రాసినట్టే ఉంది."

ఆ తరువాత మిగతా ఉత్తరం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఏ కంపుంగ్, ఎంత నేల, డురియన్ పళ్ళ చెట్లున్నాయా అని మా అల్లుడు వారం రోజులు అడిగాడు. నాకైతే లోపల కుళ్ళు. తోడబుట్టినవాడు నేల కొని నాకు ఒక్క మాట చెప్పలేదే అని. కట్టు విప్పిన రోజు నేను సొంతంగా చదువుకుని నవ్వితే కన్ను నొప్పి పుట్టింది. ఇంత పెద్ద భూస్వామివి, గుడ్లతో సరిపెట్టుకుంటున్నావు పాపం.

కానీ అన్నియ్యా, ఇక్కడ మాకెవరికీ ఏమీ తెలియలేదు. రవి ఉండేది క్లాంగ్‌లోనే, వాడికీ తెలియలేదట. అవును, వాడు ఫోన్ చేశాడు. నీ ఆరోగ్యం గురించి అడిగాడు. అంతే.

నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా? వదిన పోయాక నీ తిండి ఏమిటో, నిద్ర ఏమిటో నాకు తెలియదు. ఫోన్ చేస్తే "ఆఁ", "ఊఁ" తప్ప మాట్లాడవు. తల తిరుగుతుంటే సిగ్గుపడకుండా చెప్పు. చిన్నప్పుడు రబ్బరు ఎస్టేట్‌లో తేలు కుట్టినా సాయంత్రం నాన్న వచ్చేదాకా నోరు విప్పని మనిషివి నువ్వు.

వెంకమ్మ


పోర్ట్ క్లాంగ్
జూన్ 17

చెల్లెలు వెంకమ్మకు,

నా భూమికి ఇంకా కంచె వేయలేదని అల్లుడికి చెప్పు.

తల తిరగడం కాదు. నేల ఎందుకు అదురుతుందో ఈ నెల అంతా చదివాను. నీకు అర్థమయ్యేలా రాస్తాను, ఎందుకంటే ఇది రాస్తే నాకూ అర్థమవుతుంది.

భూమి పైపొర ఒకటే ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలు. సుమత్రాకు పడమట సముద్రం అడుగున ఒక పలక రెండోదాని కిందికి దూరుతోంది. గోడౌన్‌లో పనిచేసేటప్పుడు బరువైన పెట్టెలను సిమెంటు నేల మీద తోసేవాళ్ళం. తోస్తాం, కదలదు. ఇంకా తోస్తాం, కదలదు. ఉన్నట్టుండి జర్రున జారి ముందువాడి కాలి మీదికి పోతుంది. పలకలూ అంతే. పట్టుకుని ఉన్నన్నాళ్ళూ బలం లోపల చేరుతుంది. పట్టు తప్పినప్పుడు అదురు.

ఆ అదురు అలలుగా వస్తుంది. మొదట తోసే అల. గూడ్సు రైలు కదిలినప్పుడు పెట్టె పెట్టెకూ ధన్ ధన్ మని తగులుతుందే, అలాగ. వెనకాల పక్కలకు ఊపే అల, అది నెమ్మది. రెండింటికీ మధ్య ఎడం ఎంత ఉంటే అదురు అంత దూరంలో పుట్టినట్టు. కానీ ఒక చోట ఉన్న యంత్రం ఎంత దూరమో చెప్పగలదే తప్ప ఎక్కడో చెప్పలేదు. మూడు చోట్ల నుంచి లెక్క వేస్తేనే ఎక్కడ పుట్టిందో దొరుకుతుంది.

మీకు తెలియక నాకు ఎందుకు తెలిసిందంటే, ఇంత దూరం వచ్చేసరికి వేగమైన అలలు దారిలోనే అరిగిపోతాయి. పొడవాటి నెమ్మది అలలు మిగులుతాయి. వాటికి పొట్టి ఇళ్ళు కదలవు, ఎత్తైనవి ఊగుతాయి. పైగా పోర్ట్ క్లాంగ్ అంతా మెత్తటి బంకమట్టి. గార్డు నేల మీద కూర్చున్నాడు, నేను పదహారో అంతస్తులో కూర్చున్నాను. ఇద్దరం నిజమే చెప్పాం.

అదురును రెండు విధాలుగా కొలుస్తారు. టీవీలో చెప్పే అంకె యంత్రాలది. అది ఒకటి పెరిగితే నేల ఊపు పదింతలవుతుంది, లోపలి శక్తి ముప్పై రెట్లు దాటుతుంది. ఒక అదురుకు ఒకే అంకె. రెండో కొలత తీవ్రత. అది ఊరికొకటి, ఇంటికొకటి. దాన్ని మనుషులను అడిగి కట్టాలి. వేలాడేవి ఊగాయా, గిన్నెలు చప్పుడయ్యాయా, నిద్రపోయేవాళ్ళు లేచారా అని. అమెరికావాళ్ళ వెబ్‌సైట్‌లో అందుకు ప్రశ్నలున్నాయి, ఎవరైనా జవాబు రాయవచ్చు. నేను రాశాను. చుట్టుపక్కల మిగతావాళ్ళకు తెలిసిందా అని ఒక ప్రశ్న. దానికి ఏం రాయాలో తెలియలేదు. ఖాళీగా వదిలాను.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. రవి పుట్టినప్పటి ఉయ్యాల స్ప్రింగు ఇంకా హాల్లో కొక్కేనికే ఉంది. దానికి పాత సరోంగ్ గుడ్డ కట్టి అందులో మీ వదిన రుబ్బురోలు పొత్రం పెట్టాను. కింద సైకిల్ ఊచ ఒకటి బిగించాను. ఊచ కింద పళ్ళెం, పళ్ళెంలో పల్చగా ముగ్గుపిండి. ఇల్లు ఊగితే పొత్రం బరువుకు వెనకబడుతుంది, ఊచ పిండి మీద గీత గీస్తుంది. చూసేవాళ్ళకు పొత్రం కదిలినట్టుంటుంది కానీ కదిలేది ఇల్లు. ఫ్యాను వేయడం మానేశాను. ఉక్కగా ఉంది, ఫర్వాలేదు.

అప్పయ్య


సెగామట్
జూలై 6

అన్నియ్యకు,

ఈ ఉత్తరం రెండుసార్లు చించి మళ్ళీ రాస్తున్నాను.

రవి నాకొక ఫొటో పంపాడు. వెంటనే ఫోన్ చేసి ఏడ్చాడు. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అత్తా, నాన్నని సూడు. నా ఉయ్యేల్లో అమ్మ పొత్రాన్ని పడుకోబెట్టి, సరోంగ్ కప్పి, ముందర కుర్చీ ఏసుకుని కూకున్నాడు. కింద పళ్ళెంలో ముగ్గుపిండి. ఫ్యాను ఎయ్యబోతే, ఒద్దురా, కదిలిపోద్ది అంటన్నాడు. నేనేటి సెయ్యాల?"

నీ ఉత్తరం వచ్చి ఉంది కాబట్టి అదేమిటో నాకు తెలుసు. వాడికి చెప్పాను కూడా. "భూకంపం కొలవడానికిరా" అన్నాను. నా నోటితో ఆ మాట అన్నాక నాకే ఎలాగో అనిపించింది. "అత్తా, నువ్వు నమ్ముతన్నావా?" అన్నాడు.

నేను ఫోన్ దర్షిణి చేతికి ఇచ్చేశాను అన్నియ్యా.

నీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది. మే నెలలో రవి ఫోన్ చేసింది ఆరోగ్యం అడగడానికి మాత్రమే కాదు. క్లాంగ్‌లో పెద్దవాళ్ళను చూసుకునే హోమ్ ఒకటి చూశాడు. శుభ్రంగా ఉందట, నర్సులున్నారట. ఒక్కడివీ పదహారో అంతస్తులో ఉంటే ఏదైనా అయితే ఎవరికి తెలుస్తుంది అని వాడి భయం. ఇప్పుడు నీకోసం ఒక మంచం చెప్పి ఉంచాడు. నన్ను అడిగాడు. నేను సరే అన్నాను.

నా దగ్గరికి రమ్మని పిలవాల్సింది. కూతురు, అల్లుడు, ముగ్గురు పిల్లలు, రెండు గదులు. నేనే దర్షిణి పక్కన చాప మీద పడుకుంటున్నాను. నీకు తెలియనిదా.

కోపం వస్తే తిట్టు. ఊరుకోవద్దు.

వెంకమ్మ


పోర్ట్ క్లాంగ్
జూలై 25

వెంకమ్మా,

నువ్వు సరే అన్నది తప్పు కాదు. కోపం లేదు.

రవిని ఆగస్టు నెలాఖరు దాకా ఆగమన్నాను. ఆగుతానన్నాడు. అంతలోపల సుమత్రా నుంచి ఒక మంచి అదురు వస్తే పళ్ళెంలో గీత వాడే కళ్ళతో చూస్తాడు. అదురు రావాలని కోరుకోవడం మంచిది కాదు, అక్కడి మనుషులు ఏం కావాలి. సముద్రం మధ్యలో, ఎవరికీ తగలనిది వస్తే చాలు.

మీ వదిన ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఇంత ఎత్తు నుంచి కిందికి చూడలేక వంటింటి కిటికీకి పేపరు అంటించింది. తరువాత ఆ పేపరు తనే చించి, ఓడలు పోవడం చూస్తూ కూరగాయలు తరిగేది. ఆ కిటికీ దగ్గర ఇప్పుడు నేను తరుగుతున్నాను. ఇది వదిలి పోవాలని లేదు. ఈ మాట రవితో అనలేదు. నీతోనే అంటున్నాను.

గడప తగిలి మోకాలికి కొంచెం దెబ్బ తగిలింది. మానుతోంది. వాన లేదు.

అప్పయ్య


సెగామట్
ఆగస్టు 26

అన్నియ్యా,

అందరం బాగున్నాం.

టీవీలో చూసే ఉంటావు. ఆదివారం పొద్దున్నే, నేను టీకి నీళ్ళు పెట్టాను. వీధిలో లారీ కంకర దింపుతున్నట్టు చప్పుడు. ఈ వేళప్పుడు కంకర ఎవరికిరా అనుకునేలోపల కాళ్ళ కిందనుంచి ఎవరో కర్రతో పొడిచినట్టు ఒక్క కుదుపు. గిన్నెలన్నీ ఒకటే మోత. నువ్వు చెప్పిన పడవలాగ కాదు అన్నియ్యా, పట్టుకుని జాడించినట్టు. అయిపోయాక తెలిసింది నేను గరిటె పట్టుకుని రోడ్డు మీద ఉన్నానని.

వీధి వీధంతా బయటే. లుంగీలతో ఒకళ్ళు, సబ్బు నురగతో ఒకళ్ళు. ఎప్పుడూ పలకరించని ఎదురింటి చైనా ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అందరి నోటా ఒకటే మాట, నీకు తెలిసిందా, నీకు తెలిసిందా అని. దర్షిణి అయితే, "అమ్మమ్మా, ఇదేనా తాత కంపుంగ్?" అన్నది. ఆ భయంలో కూడా నవ్వొచ్చింది.

4.1 అంటున్నారు. పుట్టింది ఈ సెగామట్ పక్కనే అట. ఇక్కడ ఇలాంటివి రావని కదా ఇన్నాళ్ళూ అనుకున్నాం. వంటింటి గోడకు సన్నగా పగులు వచ్చింది. 4.1 అంటే పెద్దదా, చిన్నదా? మళ్ళీ వస్తుందా? రాత్రి తలుపు తీసి పెట్టుకుని పడుకుంటున్నాం. నీకు అక్కడ తెలిసిందా?

నిన్ను నమ్మలేదు అన్నియ్యా. అది నాకు గుండెల్లో ముల్లు. ఆ రోజే రవికి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. "మీ నాన్న సెప్తే పిచ్చి అన్నావు, ఇప్పుడు నేనూ పిచ్చిదాన్నేనా? సెగామట్ అంతా పిచ్చిదేనా? పో, మీ నాన్న కాళ్ళు పట్టుకో" అన్నాను. వాడు, "అవునత్తా, తప్పైపోయింది, బెడ్ ఒద్దని సెప్పేస్తాను" అన్నాడు. నీ ఇల్లు నీదే. ఇంక ఎవరూ నిన్ను కదపరు.

వెంకమ్మ


పోర్ట్ క్లాంగ్
సెప్టెంబరు 9

వెంకమ్మా,

ముందు నీ గోడ సంగతి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గుర్తు పెట్టి తేదీ వేయి. పెరిగితే అల్లుడిని ఇంజనీరును పిలవమను. చిన్నవి ఇంకా కొన్నాళ్ళు రావచ్చు. జారిన చోట చుట్టూ ఉన్నది సర్దుకుంటుంది. ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పగలిగినవాళ్ళు లోకంలో లేరు, కాబట్టి తేదీ, టైము వేసి ఫోన్‌లో వచ్చేవి నమ్మకు. 4.1 అంకెగా చిన్నదే. మీకు పెద్దగా తగిలింది ఎందుకంటే మీ కాళ్ళ కిందే పుట్టింది, లోతు కూడా ఎక్కువ లేదు. దర్షిణి పడుకునే చోటికి అద్దం బీరువా దూరంగా జరిపించు.

నాకు తెలిసిందా అని అడిగావు. తెలియలేదు. పళ్ళెంలో కూడా గీత లేదు. అంత చిన్నది ఇంత దూరం రాదు.

మొన్న శనివారం రవి వచ్చాడు. నాకోసం నాసి లెమాక్ అన్నం పొట్లం కట్టించుకుని వచ్చాడు, గడపలోనే నిలబడ్డాడు. "నాన్నా, నాదే తప్పు లా. బెడ్ ఒద్దని సెప్పేసినాను. నువ్వు ఇక్కడే ఉండు" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. కూర్చోమని కుర్చీ చూపించాను. వాడు ఫ్యాను వేయలేదు. చెమటలు కారుతున్నా ఫ్యాను వైపు చూడలేదు. అది చూశాక మౌనంగా ఉండలేకపోయాను.

వాడికి చెప్పిందే నీకూ రాస్తున్నాను. జూలైలో మోకాలికి దెబ్బ తగిలింది గడప వల్ల కాదు. ఒక మధ్యాహ్నం ఇల్లంతా ఊగింది. మేలో ఊగినదానికంటే ఎక్కువ. సంతోషంగా పళ్ళెం దగ్గరికి పోబోయి పడ్డాను. కొంతసేపటికి పాకుతూ వెళ్ళి చూశాను. ముగ్గుపిండి నేను సర్దినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పొత్రం ఊగడం లేదు.

కంప్యూటర్‌లో చూశాను, ఎక్కడా ఏమీ లేదు. అప్పటికీ మనసు ఒప్పుకోక ఎదురింటి జూలియట్ తలుపు కొట్టాను. బ్యాంకులో పనిచేసే పిల్ల, మనలాగే ఎస్టేట్‌వాళ్ళ మనవరాలు. ఇన్నేళ్ళలో ఆ తలుపు కొట్టడం అదే మొదలు.

"ఏటంకుల్, మోకాలికి ఆ రక్తం?" అన్నది.

"ఇప్పుడు ఇల్లు కదిలింది. నీకు తెలిసిందా?"

"లేదంకుల్. గోళ్ళకి రంగు ఏసుకుంటన్నాను. కదిలుంటే ఏలంతా పూసేసుకుందును." పది వేళ్ళూ చాచి చూపించింది. ఒక్క చోట కూడా అంచు దాటలేదు. నా ఏర్పాటు కంటే అది మంచి యంత్రం.

ఆ తరువాత ఆ ఊపు ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పిండి మీద గీత లేదు. నీకు రాయలేదు. రాస్తే ఇల్లు పోతుంది. ఆగస్టు నెలాఖరులోపు ఒక నిజమైన అదురు వస్తే ఇది దాని వెనక దాక్కుంటుందని చూశాను. వచ్చింది, మీ ఊళ్ళో వచ్చింది, అందరూ నన్ను నమ్మారు. మీరు నమ్మిన ఆ రోజుల్లోనే నాకు నిద్ర పట్టలేదు.

రవి చాలాసేపు పళ్ళెం వైపే చూస్తూ ఉన్నాడు. "నువ్వు సెప్పకపోతే ఎవురికీ తెలీదు కదా నాన్నా" అన్నాడు.

"తెలీదు" అన్నాను.

డాక్టరు చూశాడు. చెవి లోపలి తూకం చెడి ఉండవచ్చు, తల లోపల ఇంకేదైనా కావచ్చు, స్కాన్ చేస్తే తెలుస్తుందన్నాడు. ఈసారి ఎప్పుడు, ఎంతసేపు, ఎలా వచ్చిందో అన్నీ చెప్పాను. తమ ఇంటికి రమ్మని రవి పిలిచాడు. పగలు వాళ్ళింట్లో ఎవరూ ఉండరు. ఆ మాట వాడు అనలేదు, నేనే అన్నాను. ఆ హోమ్‌కే మళ్ళీ ఫోన్ చేయమన్నాను. వాళ్ళ దగ్గర మంచం ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే వారం పోతున్నాను.

మేలో వచ్చింది మాత్రం నిజమైనదే వెంకమ్మా. అది సుమత్రాదే. దాన్ని దీనితో కలిపి కొట్టేయకు.

హోమ్‌లో నాకిచ్చిన గది నేల అంతస్తులో ఉంది. దూరపు అలలు అంత కిందికి తెలియవు. అక్కడ ఏదైనా ఊగినట్టు అనిపిస్తే నాలోదే అనుకోవాలి. గదిలో రెండు మంచాలు. రెండోదాంట్లో ఒక చైనా ఆయన ఉన్నాడు, టాక్సీ నడిపేవాడట. తెలుగు, తమిళం ఏదీ రాదు. చూడడానికి పోయినప్పుడు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అవసరమైతే మలాయ్‌లో అడుగుతాను, నీకు తెలిసిందా అని.

అప్పయ్య